రేపటి బి.పి.ని ఈ రోజు కొలవలేము



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల ఐ.టి. ఉద్యోగులను మేము చాలాకాలంగా చూస్తున్నాము. ఎక్కువ మంది వయసు ముప్పై అటూ ఇటూ. చెప్పే బాధలు దాదాపు ఒకటే. నిద్ర పట్టదు. గుండె దడ. కడుపులో మంట. మెడ పట్టేసింది. బి.పి. చూస్తే ఆ వయసుకు ఉండవలసిన దానికంటే ఎక్కువ. "ఏమైనా దిగులుగా ఉందా బాబూ?" అని అడిగితే, "ఏం లేదు సిస్టర్, మామూలే" అంటారు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే అసలు సంగతి బయటికి వస్తుంది. చిత్రం ఏమిటంటే, ఆ సంగతి ఈ రోజుది కాదు. ప్రాజెక్టు అయిపోతే బెంచ్ మీద కూర్చోబెడతారేమో. తీసేసేవాళ్ల లిస్టులో పేరు వస్తుందేమో. ఏ.ఐ. వచ్చి మా పని లేకుండా చేస్తుందేమో. వీసా రాకపోతే కుదిరిన సంబంధం తప్పిపోతుందేమో. ఇరవై ఏళ్ల ఇంటి లోను మధ్యలో ఆగిపోతుందేమో. అన్నీ "ఏమో"లే.

ఆ "ఏమో"లలో కొన్ని జరగవచ్చు, కొన్ని జరగకపోవచ్చు. శరీరం మాత్రం అన్నింటికీ ఈ రోజే వడ్డీ కడుతోంది. అందుకే ఈ నెల ఈ విషయం గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాము. రేపటి గురించి ఆలోచించవద్దని మేము చెప్పడం లేదు. రేపటి కోసం చేసే పని వేరు, రేపటి గురించి పడే చింత వేరు. ఈ తేడా తెలిస్తే సగం మందు తీసుకున్నట్టే.

శరీరానికి తేదీలు తెలియవు

వీధిలో కుక్క మీదికి వస్తే ఏమవుతుంది? గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి ఎక్కువవుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది. మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను వదలడం వలన ఇది జరుగుతుంది. పరుగెత్తడానికో, ఎదిరించడానికో దేవుడు మన శరీరంలో పెట్టిన ఏర్పాటు ఇది. కుక్క వెళ్లిపోతే కొంతసేపటికి అన్నీ సర్దుకుంటాయి.

కుక్క బయట కాకుండా తలలో ఉంటే? వచ్చే మార్చిలో ఉద్యోగం పోతుందని ఇప్పుడు రాత్రి రెండు గంటలకు మంచం మీద ఊహించుకున్నా, శరీరం అదే ఏర్పాటును మొదలుపెడుతుంది. అది మార్చి సంగతి అని దానికి తెలియదు. శరీరానికి కేలండర్ లేదు. తలలోని కుక్క వెళ్లిపోదు గనుక ఈ ఏర్పాటు పూర్తిగా ఆగదు. నెలల తరబడి ఇలా సాగితే నిద్ర చెడుతుంది, అరుగుదల చెడుతుంది, బి.పి., షుగర్ అదుపులో ఉండవు. తీపి మీద, నూనె పదార్థాల మీద కోరిక పెరుగుతుంది. కొందరు సిగరెట్టుకు, మందుకు అలవాటు పడతారు.

2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు, ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులు కలిసి మన నగరంలోని 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి ప్రకటించిన వివరాలు చూడండి. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. నూటికి 71 మందికి ఊబకాయం ఉంది. దీనికంతటికీ చింత ఒక్కటే కారణమని అనలేము. గంటల తరబడి కూర్చోవడం, రాత్రి డ్యూటీలు, బయటి తిండి, నిద్ర లేమి, అన్నీ ఉన్నాయి. కానీ గమనించండి. రేపటి ఉద్యోగం గురించి అంతగా ఆలోచించేవారికి ఈ రోజు నడవడానికి, వేళకు తినడానికి, ఒక రక్త పరీక్ష చేయించుకోవడానికి తీరిక దొరకడం లేదు. కాలేయంలో కొవ్వు నొప్పి పెట్టదు. బి.పి. కూడా చాలాకాలం నొప్పి పెట్టదు. ఈ రోజును చూడనివారికి ఈ రోజు వచ్చిన జబ్బు కూడా కనబడదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

ఊహించినది రాలేదు, వచ్చినది ఊహించలేదు

మన హైటెక్ సిటీ చరిత్రనే ఒకసారి చూద్దాము. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు చుట్టూ ఎక్కువగా బండరాళ్లే. రెండు మూడేళ్లకే అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలిపోయాయి. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుంటున్న పిల్లలు, అప్పు చేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులు "ఇక ఐ.టి. పని అయిపోయింది" అనుకున్నారు. అయిపోలేదు. 2008 సెప్టెంబరులో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద అమెరికా బ్యాంకు దివాలా తీసింది. మళ్లీ అదే భయం.

ఆ భయంలో ఉన్నవారెవరూ అనుకోనిది 2009 జనవరి 7న జరిగింది. సత్యం కంప్యూటర్స్ లెక్కలు సంవత్సరాలుగా తప్పుగా చూపించామని ఆ సంస్థ అధిపతి రామలింగరాజు గారే ఉత్తరం రాశారు. అప్పటికి ఆ సంస్థలో సుమారు యాభై వేల మంది. హైదరాబాదులో ఎన్ని ఇళ్లలో ఆ రాత్రి పొయ్యి వెలగలేదో! అయినా మరునాడు ఉదయం చాలామంది ఆఫీసుకు వెళ్లి, ఖాతాదారుల పని ఆగకుండా చేశారు. కేంద్ర ప్రభుత్వం కొత్త బోర్డును వేసింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను తీసుకున్నది. అందరికీ అంతా మంచే జరిగిందని చెప్పలేము. ఆ తరువాత వేల మందిని పని ఇవ్వకుండా పక్కన పెట్టారు. ఆ కుటుంబాల కష్టం నిజమైనది. కానీ ఆ మూడు నెలలూ ఉద్యోగుల చేతిలో ఉన్నది ఒక్కటే, ఆ రోజు పని.

ఆసుపత్రివాళ్లము గనుక ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మనకందరికీ తెలిసిన 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే మొదలైంది. దానిని నడిపిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థకు అధ్యక్షులు కూడా రామలింగరాజు గారే. 2009 జనవరిలో ఆ సంస్థను ఇక ఎవరు నడుపుతారన్న ప్రశ్న వచ్చింది. ఆ ఏడాదే జి.వి.కె. సంస్థ బాధ్యత తీసుకుంది. మధ్య కాలంలో కూడా 108 సేవ ఆగలేదు. కాన్పు నొప్పులతో ఉన్న తల్లి ఫోను చేస్తే, అంబులెన్సు సిబ్బంది వచ్చే నెల సంగతి తేల్చుకుని బయలుదేరుదామని కూర్చోలేరు. ఎదురుగా ఉన్న ప్రాణం దగ్గరికి ఇప్పుడే వెళ్లాలి. ఈ రోజులో జీవించడమంటే ఇదే. చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు, ఎదురుగా ఉన్న పనిలో చేయి పెట్టడం.

2020 జనవరిలో హైటెక్ సిటీ ఉద్యోగుల చింతల జాబితా రాసి ఉంటే, అందులో కరోనా ఉండేది కాదు. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. సైబర్ టవర్స్ రోడ్డు నిర్మానుష్యమైంది. మనం దేని గురించి నిద్ర పాడుచేసుకున్నామో అది రాలేదు. వచ్చిన దాని గురించి ఎవరూ ఒక్క రాత్రి కూడా చింతించలేదు.

దీనిని లెక్కగట్టి చూసినవారూ ఉన్నారు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు, ఆందోళన జబ్బుతో బాధపడుతున్న 29 మంది చేత తమ చింతలను రాయించి, అవి నిజమయ్యాయా లేదా అని తరువాత చూశారు. 2020లో ప్రకటించిన ఫలితం ప్రకారం, నూటికి 91 చింతలు నిజం కాలేదు. చిన్న అధ్యయనమే అయినా మంచి పాఠం. అంతకుముందు 2010లో హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని ఫోను ద్వారా పగలు వేర్వేరు వేళల్లో "ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది?" అని అడిగారు. మెలకువగా ఉన్న సమయంలో దాదాపు సగం మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు వేరే చోట ఉన్న వేళల్లో సంతోషం తక్కువగా ఉంది.

మన్నా నేర్పే పాఠం

"అయితే సిస్టర్, పొదుపు చేయవద్దా? కొత్త కోర్సు నేర్చుకోవద్దా? దేవుడు చూసుకుంటాడని ఊరుకోవాలా?" అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న.

నిర్గమకాండము 16వ అధ్యాయం చదవండి. అరణ్యములో ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నా ఇచ్చాడు. ఏ రోజుకు కావలసినది ఆ రోజే కూర్చుకోవాలి. రేపు దొరకదేమోనన్న భయంతో దాచుకున్నవారి మన్నా తెల్లవారేసరికి పురుగు పట్టి కంపు కొట్టింది. ఇంతవరకు అందరికీ తెలుసు. మనం త్వరగా దాటిపోయే మాట ఒకటి అందులోనే ఉంది. ఆరవ రోజున మాత్రం రెండు రోజులకు సరిపడా కూర్చుకోమని ఆయనే చెప్పాడు. ఆ దాచినది పాడు కాలేదు. అంటే సిద్ధపడటం తప్పు కాదు. భయంతో పోగు చేసుకోవడమే పురుగు పట్టింది. యోసేపు ఐగుప్తులో సమృద్ధి ఉన్న ఏడు సంవత్సరాలలో ధాన్యం కొట్లు నింపించాడు. కరువు గురించి ఏడుస్తూ కూర్చోలేదు, ఏ సంవత్సరపు పంట ఆ సంవత్సరం కొలిపించాడు. కొండమీది ప్రసంగంలో ప్రభువు పక్షులను, పువ్వులను చూపించి చింతపడవద్దన్నాడు గాని పని చేయవద్దని ఎక్కడా అనలేదు.

కాబట్టి పరీక్ష చాలా సులువు. రేపటి గురించి వచ్చిన ఆలోచన ఈ రోజు చేయవలసిన ఒక పనిని చూపిస్తే అది సిద్ధపాటు. రెండు మూడు నెలల ఖర్చుకు డబ్బు పక్కన పెట్టడం, ఆరోగ్య బీమా కట్టడం, కొత్త విద్య నేర్చుకోవడం, ఇవన్నీ ఆరవ రోజు మన్నా వంటివి. అదే ఆలోచన ఏ పనీ చూపించకుండా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంటే అది చింత. దానికి పురుగు పడుతుంది.

మా వార్డు పద్ధతి

నర్సులుగా మాకు ఈ పాఠం డ్యూటీయే నేర్పుతుంది. వార్డులో చార్టు మీద ఈ పూట టెంపరేచర్, ఈ పూట నాడి, ఈ పూట బి.పి. రాస్తాము. రేపటి బి.పి.ని ఈ రోజు కొలిచే మిషన్ ఎవరూ తయారు చేయలేదు. షిఫ్టు అయిపోగానే ఏ మంచం రోగికి ఏమి ఇచ్చామో, ఏమి మిగిలిందో రాసి, తరువాత వచ్చిన సిస్టర్‌కు చెప్పి అప్పగిస్తాము. రాయకుండా ఇంటికి వెళ్తే అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. రాసి అప్పగిస్తే మనసు కూడా డ్యూటీ దిగుతుంది.

వైద్యవిద్యలో గొప్ప గురువుగా పేరుపొందిన సర్ విలియం ఆస్లర్ 1913లో యేల్ యూనివర్సిటీ విద్యార్థులకు ఇలాంటి సలహాయే ఇచ్చారు. పెద్ద ఓడలో ఒక గదిలోకి నీరు వస్తే మిగతా గదుల్లోకి రాకుండా ఇనుప తలుపులు మూస్తారు. అలాగే నిన్నటికి ఒక తలుపు, రేపటికి ఒక తలుపు వేసుకుని ఈ రోజు అనే గదిలో జీవించమని ఆయన చెప్పారు.

ఇంట్లో చేయదగినవి

1. చింతకు వేళ పెట్టండి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలోనే బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1983లో పరీక్షించిన పద్ధతి ఇది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట అరగంట కూర్చుని, చింతలన్నీ అప్పుడే ఆలోచించాలి. పడక మీద మాత్రం వద్దు. మిగతా వేళల్లో చింత వస్తే, చిన్న కాగితం మీద రాసి "సాయంత్రం ఆరున్నరకు చూద్దాం" అని వాయిదా వేయాలి. ఆరున్నరకు చూసేసరికి సగం చింతలు చల్లబడి ఉంటాయి.

2. ఆ కాగితం మీద మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు నేను చేయగలిగినవి, కుడి వైపు నా చేతిలో లేనివి. ఎడమ వైపు వాటిలో ఒక్కటి రేపు ఏ గంటకు చేస్తారో రాయండి. కుడి వైపు వాటిని కుటుంబ ప్రార్థనలో పేరు పెట్టి ప్రభువుకు అప్పగించండి. మా హ్యాండోవర్ కూడా అంతే.

3. రోజుకు ఒక్క పూటైనా ఫోను పక్క గదిలో పెట్టి భోజనం చేయండి. కూరలో ఉప్పు ఎంత ఉందో తెలిసేలా తినండి. నమిలి తింటే తక్కువతోనే కడుపు నిండుతుంది.

4. దడగా ఉన్నప్పుడు కుర్చీలో ఆనుకుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. ఊపిరి నెమ్మదిస్తే గుండె వేగం కూడా తగ్గుతుంది.

5. భోజనం తరువాత పది పదిహేను నిమిషాలు నడవండి. ఆఫీసులో గంటకు ఒకసారైనా లేచి నిలబడండి.

6. రాత్రి డ్యూటీ చేసేవారు పగలు గది చీకటి చేసుకుని, రోజూ ఒకే వేళకు పడుకోండి. పడుకోవడానికి ఆరు గంటల ముందు నుంచి కాఫీ, టీ మానండి.

7. ఇంట్లో బి.పి. మిషన్ కొని భయంతో రోజుకు పదిసార్లు చూసుకోవద్దు. ఐదు నిమిషాలు కూర్చున్న తరువాత, డాక్టరు గారు చెప్పిన వేళకే చూసి పుస్తకంలో రాయండి. బి.పి., షుగర్ మాత్రలు సొంతంగా ఆపవద్దు.

ఏలీయాకు దేవదూత ఏమి ఇచ్చాడు

చింత అందరికీ వస్తుంది. కానీ ఆరు నెలలకు పైగా, ఎక్కువ రోజులు, ఆపుకోలేని ఆందోళన ఉండి నిద్ర, పని, తిండి దెబ్బతింటే అది జబ్బు. షుగర్ జబ్బు ఎలాగో ఇదీ అలాగే. మాటల చికిత్స ఉంది, అవసరమైతే మందులు ఉన్నాయి. అలాంటివారితో "నీకు విశ్వాసం చాలదు" అని దయచేసి అనవద్దు. మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త అలసిపోయి, ఇక చావు వస్తే బాగుండునని అడిగాడు. దేవదూత వచ్చి ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, కాల్చిన రొట్టె పెట్టాడు, నీళ్ల కూజా ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాడు. ప్రయాణం సంగతి ఆ తరువాతనే. ఆ దేవదూత చేసినది నర్సు పనే కదా అని మేము అనుకుంటూ ఉంటాము.

ఎవరైనా "నేను లేకపోతేనే నయం" వంటి మాట అంటే తేలికగా తీసుకోవద్దు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, ప్రేమగా అడగండి. అడగడం వలన లేని ఆలోచన పుట్టదు. వారిని ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఛాతీ నొప్పిని "టెన్షన్" అని వదలవద్దు

ఆందోళన వలన కూడా ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. అయితే అది ఆందోళనో, గుండెపోటో ఇంట్లో తేల్చుకోలేరు. ఛాతీలో బరువు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే వయసు ముప్పై అయినా సరే ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లవారే వరకు చూడవద్దు. సొంతగా బండి నడుపుకుంటూ రావద్దు. ఇ.సి.జి.లో ఏమీ లేదని తేలితే సంతోషమే. "అనవసరంగా వచ్చారు" అని మేము ఎవరినీ అనము.

తల్లిదండ్రులకు ఒక మనవి

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు, అత్తమామలు రోజూ ఫోనులో "ఉద్యోగం ఎలా ఉంది? తీసేస్తున్నారట కదా! వీసా సంగతి ఏమైంది?" అని అడుగుతుంటారు. ప్రేమతోనే అడుగుతారు. కానీ ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర జవాబు లేదు. దానికి బదులు "అన్నం తిన్నావా? రాత్రి నిద్ర పట్టిందా? బి.పి. చూపించుకున్నావా?" అని అడగండి. వీటికి ఈ రోజే జవాబు ఉంది. జవాబు ఉన్న ప్రశ్న మనిషికి బలం ఇస్తుంది.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఏడాదికి సరిపడా ఆహారం అడగమని లేదు. ఆ రోజుది ఆ రోజే అడగమన్నాడు. మళ్లీ రేపు అడగడానికి రేపు వస్తుంది, ఆయనా ఉంటాడు. ఈ పత్రిక మడిచి పెట్టిన తరువాత ఈ రోజు చేయవలసిన ఒక్క పని చేయండి. వేసుకోవలసిన మాత్ర ఉంటే వేసుకోండి. చేయించుకోని పరీక్ష ఉంటే రాయించుకోండి. పక్కన పిల్లవాడు ఉంటే వాడు చెప్పేది చివరి వరకు వినండి.

సమాధానకర్తయగు దేవుడు మీ ఇంటిలో ప్రతి దినమునకు కావలసిన కృపను ఆ దినమున అనుగ్రహించును గాక.